నడుముకి మత్తు, చేతికి మత్తు: ఆపరేషన్‌కి ముందు అందరూ అడిగే ప్రశ్నలు

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక ఫిట్‌నెస్ రాయించుకోవడానికి మత్తు డాక్టర్ గదికి వస్తారు కదా, ఆ పది నిమిషాల్లో నన్ను అడిగే ప్రశ్నలివి. కొన్ని నేరుగా అడుగుతారు. కొన్ని మాత్రం తలుపు దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, గొంతు తగ్గించి అడుగుతారు. అసలు భయాలు ఆ రెండో రకంలోనే ఉంటాయి కాబట్టి వాటికే ఎక్కువ చోటిచ్చాను. మీ ఒంటి సంగతి మిమ్మల్ని చూసే డాక్టర్‌కే తెలుస్తుంది. ఇది చదివి ఏ మందూ సొంతంగా ఆపొద్దు, మొదలుపెట్టొద్దు.

నడుముకి మత్తు అంటే వెన్నుపాములోకే సూది గుచ్చుతారా?

గుచ్చరు. వెన్నెముక వేరు, వెన్నుపాము వేరు. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి, రెండో నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. ఆ కిందంతా నరాల పోగులే, నీళ్లలాంటి ద్రవంలో వేలాడుతూ ఉంటాయి. గిన్నెడు నీళ్లలో నానిన సేమ్యాలో సూది పెట్టి చూడండి, పోగు పక్కకి జరుగుతుంది తప్ప తెగదు. ఇంచుమించు అలాగే. మేము సూది పెట్టేది మూడు, నాలుగు పూసల మధ్య, లేదా నాలుగు, ఐదు పూసల మధ్య.

మీకు తెలిసేది ఇలా ఉంటుంది. బల్ల మీద కూర్చోబెట్టి, ఒళ్లో ఒక దిండు పెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి నడుం వెనక్కి వంచమంటాం. వీపంతా మందుతో తుడుస్తాం, చల్లగా ఉంటుంది. రెండు వైపులా తుంటి ఎముక అంచులు తడిమి చోటు గుర్తు పెట్టుకుంటాం. ముందు చర్మం మొద్దుబారడానికి చీమ కుట్టినట్టు ఒక చిన్న ఇంజెక్షన్. తర్వాత అసలు సూది, అది ఇంకా సన్నం. నొప్పి కంటే ఎవరో నొక్కుతున్నట్టు ఎక్కువ తెలుస్తుంది. సూది వెనక చివర కన్నీటి బొట్టులాంటి చుక్క కనబడగానే బుపివకైన్ అనే మందు ఎక్కిస్తాం. సిజేరియన్‌కి దాదాపు రెండు మిల్లీలీటర్లు, అంతే. అందులో గ్లూకోజ్ కలిపి ఉంటుంది కాబట్టి వెన్నులోని ద్రవం కంటే బరువు. అందుకే మా నర్సులు దాన్ని 'హెవీ' అంటారు. పడుకోబెట్టాక బల్లని అటూ ఇటూ వంచి మత్తు ఎక్కడి దాకా పాకాలో చూసుకుంటాం. మొదట పాదాలు వెచ్చబడతాయి, తర్వాత తిమ్మిరెక్కుతాయి. ఐదు పది నిమిషాల్లో "కాలెత్తండి" అంటే కాలు మాట వినదు. రెండు నుంచి నాలుగు గంటల్లో మళ్లీ మామూలవుతుంది.

నిజానికి దీన్ని మత్తు అనడమే తప్పు. ఇది తిమ్మిరి. మెదడు మెలకువగానే ఉంటుంది. కానీ 'తిమ్మిరి డాక్టర్' అంటే మాకెవరూ మర్యాద ఇవ్వరని ఊరుకుంటున్నాం.

స్పైనల్, ఎపిడ్యూరల్, బ్లాక్ అన్నీ ఒకటేనా?

ఒక కుటుంబమే, మనుషులు వేరు. స్పైనల్ అంటే పైన చెప్పినది: ఒక్క ఇంజెక్షన్, వెంటనే పనిచేస్తుంది, కొన్ని గంటల్లో పోతుంది. ఎపిడ్యూరల్‌లో ఆ ద్రవపు సంచి దాకా వెళ్లకుండా బయటే ఆగి, వైరులాంటి సన్నటి గొట్టం వదిలిపెడతాం. దాంట్లోంచి కావాల్సినప్పుడల్లా మందు ఇస్తూ పోవచ్చు. కాన్పు నొప్పులకి, పెద్ద పొట్ట ఆపరేషన్ల తర్వాత నొప్పికి ఇది వాడతాం. బ్లాక్ అంటే ఏ చేతికో కాలికో వెళ్లే నరాల గుంపు చుట్టూ మందు పెట్టి ఆ భాగాన్నే మొద్దుబార్చడం. శుక్లాల ఆపరేషన్‌కి కంటి పక్కన ఇచ్చే ఇంజెక్షన్ కూడా ఈ కోవలోదే, ఈ మధ్య చాలామందికి చుక్కల మందుతోనే పని అయిపోతోంది.

సిజేరియన్‌కి వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చారు, అప్పటినుంచీ నడుం నొప్పి. ఆ ఇంజెక్షన్ వల్లే కదా?

ఈ ఒక్క ప్రశ్నకి ఒక రోజు ఓపీ మొత్తం చాలదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశం మొత్తమ్మీద 21.5 శాతం. అంటే మన ఊళ్లలో ఏ నలుగురు తల్లులు కూర్చున్నా అందులో ఇద్దరికి ఆ ఇంజెక్షన్ పడే ఉంటుంది. ఇక పిల్లలు పుట్టాక నడుం నొప్పి లేని ఆడవాళ్లు ఎంతమంది? ఆ రెంటినీ జత చేసి, నింద ఇంజెక్షన్ మీద వేసేశాం.

అసలు కారణాలు వేరే ఉన్నాయి. గర్భంలో విడుదలయ్యే హార్మోన్లకి నడుం చుట్టూ ఉన్న కీళ్ల పట్టు సడలుతుంది. పొట్ట కండరాలు సాగిపోయి వెన్నుకి ఊతం తగ్గుతుంది. తర్వాత నెలల తరబడి రాత్రిపూట వంగి కూర్చుని పాలివ్వడం, బిడ్డని చంకనేసుకుని పని చేయడం. మామూలు కాన్పు అయినవాళ్లకీ ఈ నొప్పి వస్తుంది, కాకపోతే వాళ్లకి నెపం వేయడానికి ఇంజెక్షన్ ఉండదు. కాన్పు నొప్పులకి ఎపిడ్యూరల్ తీసుకున్నవాళ్లనీ, తీసుకోనివాళ్లనీ పోల్చిన పరిశోధనలన్నీ కలిపి కాక్రేన్ సంస్థ 2018లో మళ్లీ విశ్లేషించింది. దీర్ఘకాలపు నడుం నొప్పిలో తేడా కనబడలేదు. అక్కడ వాడే సూది స్పైనల్ సూది కంటే చాలా లావు కూడా.

ఒకావిడ పన్నెండేళ్లుగా నడుం పట్టేసినప్పుడల్లా ఆ ఇంజెక్షన్‌ని తిట్టుకుంటోంది. గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌కి వచ్చినప్పుడు పాత కాగితాలన్నీ తెమ్మన్నాను. పసుపుపచ్చగా మారిన డిశ్చార్జి సమ్మరీలో స్పష్టంగా రాసి ఉంది: ఆమె కాన్పుకి ఇచ్చింది పూర్తి మత్తు. వెన్నులో సూదే పెట్టలేదు. ఆ మాట చెబితే కాసేపు నన్ను చూసి, "మరి ఎందుకొచ్చినట్టు సార్?" అంది. ఆ ప్రశ్న అప్పుడే మొదటిసారి అడిగింది పాపం. ఫిజియోథెరపీకి పంపాను.

సూది గుచ్చిన చోట కొన్ని రోజులు నొక్కితే నొప్పి ఉండటం మామూలే, తగ్గిపోతుంది.

స్పైనల్ తర్వాత 24 గంటలు తల ఎత్తకూడదట, దిండు పెట్టుకోకూడదట?

దిండు పెట్టుకోండి. తలనొప్పి వస్తుందనే భయంతో పెట్టిన ఈ నియమం నేను చదువుకునేటప్పుడు కూడా ఉంది, ఇప్పటికీ చాలా వార్డుల్లో ఆయమ్మల దగ్గర్నుంచి పెద్ద నర్సుల దాకా అందరూ పాటిస్తున్నారు. కదలకుండా పడుకోవడం వల్ల ఆ తలనొప్పి రాకుండా ఆగదని పరిశోధనల్లో తేలింది. పైగా సిజేరియన్ తర్వాత ఎంత తొందరగా లేచి నడిస్తే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అంత తగ్గుతుంది. కాళ్లలో పట్టు పూర్తిగా వచ్చిందో లేదో చూసుకుని, మొదటిసారి ఎవరినైనా పట్టుకుని లేవండి.

ఆ తలనొప్పి మాత్రం నిజమే. సూది చేసిన రంధ్రంలోంచి వెన్ను ద్రవం కారి, తలలో ఒత్తిడి తగ్గడం వల్ల వస్తుంది. సాధారణంగా ఒకటి రెండు రోజుల తర్వాత మొదలవుతుంది. లేచి కూర్చుంటే తల పగిలిపోతుంది, పడుకుంటే హాయిగా ఉంటుంది. ఆ తేడానే దాని గుర్తు.

దీన్ని మొదట్లోనే అనుభవించినవాళ్లలో ఈ పద్ధతి కనిపెట్టిన డాక్టరూ ఒకరు. జర్మనీలోని కీల్ నగరంలో ఆగస్ట్ బియర్ అనే సర్జన్ 1898 ఆగస్టు 16న ఒక రోగికి కొకైన్‌తో మొదటి స్పైనల్ ఇచ్చాడు. వారం తర్వాత తన మీదే చేసి చూడమని సహాయకుడు హిల్డెబ్రాండ్‌ట్‌కి చెప్పాడు. సిరంజి సూదికి సరిగా అమరలేదు, ద్రవమంతా కారిపోయింది, మందు లోపలికి పోలేదు. అప్పుడు హిల్డెబ్రాండ్‌ట్ తాను కూర్చున్నాడు. మత్తెక్కాక బియర్ అతని కాలి మీద వెలిగించిన చుట్ట పెట్టాడు, ఇనుప సుత్తితో మోకాటి కింద ఎముక మీద కొట్టాడు. నొప్పి లేదు. ఆ రాత్రి ఇద్దరూ వైన్ తాగి సంబరం చేసుకున్నారు. మర్నాటి నుంచి బియర్‌కి లేస్తే తలనొప్పి, పడుకుంటే లేదు. తొమ్మిది రోజులు మంచం దిగలేదు.

వాళ్ల సూది లావు, మనది సన్నం. అంతేకాదు, సూది మొన ఆకారం కూడా ముఖ్యమే. పాత రకం సూది మొన కత్తిలా కోస్తుంది. 'పెన్సిల్ పాయింట్' అనే రకం పొరని చీల్చకుండా పోగుల్ని పక్కకి తోస్తుంది. 2018లో వచ్చిన ఒక పెద్ద విశ్లేషణలో వెన్నులో సూది పెట్టిన అన్ని రకాల సందర్భాలూ కలిపి చూస్తే పాత సూదులతో 11 శాతం మందికి, ఈ కొత్త రకంతో 4.2 శాతం మందికి తలనొప్పి వచ్చింది. కొత్త సూది ధర కాస్త ఎక్కువ. మొత్తం ఆపరేషన్ బిల్లులో అదో లెక్క కాదు, అడిగి వేయించుకోవడంలో తప్పు లేదు.

తలనొప్పి వస్తే నీళ్లు, కాఫీ, మాత్రలతో చాలామందికి కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. మరీ బాధిస్తుంటే మీ చేతి నరం నుంచే పదిహేను ఇరవై మిల్లీలీటర్ల రక్తం తీసి వెన్నులో అదే చోట ఎక్కిస్తాం. సైకిల్ ట్యూబ్ పంక్చర్‌కి అతుకు వేసినట్టు. చాలామంది గంటల్లోనే లేచి కూర్చుంటారు.

కాళ్లు పడిపోతాయంటారు, నిజమేనా?

జరగదు అని చెబితే అబద్ధమవుతుంది. ఎంత అరుదో లెక్క చెబుతాను. బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ అనస్థీటిస్ట్స్ ఆ దేశంలో ఒక ఏడాదిలో ఇచ్చిన ఏడు లక్షలకి పైగా స్పైనల్, ఎపిడ్యూరల్ ఇంజెక్షన్లని వెంబడించి 2009లో నివేదిక ఇచ్చింది. శాశ్వతంగా ఏదో ఒక హాని మిగిలిపోయినవాళ్లు, ప్రతి అనుమానాన్నీ మత్తు ఖాతాలోనే వేస్తే, లక్షకి నలుగురు. అనుమానం ఉన్నవి పక్కన పెడితే లక్షకి ఇద్దరు. రెండు కాళ్లూ పడిపోవడం లేదా ప్రాణం పోవడం లక్షకి ఇద్దరి లోపే. అందులోనూ కాన్పు కేసుల్లో ప్రమాదం ఇంకా తక్కువ, పెద్ద ఆపరేషన్లకి ఎపిడ్యూరల్ పెట్టిన ముసలివాళ్లలో ఎక్కువ.

హాని జరిగే దారులు ముఖ్యంగా రెండు: వెన్నులో రక్తం కారి, గడ్డగా చేరి నరాల్ని నొక్కడం, లేదా చీము పట్టడం. రెండోదాన్ని మాస్కు, స్టెరైల్ గ్లోవ్స్, శుభ్రతతో మేము ఆపాలి. మొదటిదాన్ని ఆపడం సగం మీ చేతుల్లోనే ఉంది. తర్వాతి ప్రశ్న చదవండి.

నేను వాడే మందులన్నీ చెప్పాలా?

అన్నీ. అందులోనూ రక్తం పల్చబడే మాత్రలు.

ఒకసారి మోకాలి మార్పిడికి వచ్చిన పెద్దాయన్ని రెండుసార్లు అడిగాను. "ఏ మందులూ లేవండీ, బీపీ కూడా లేదు" అన్నారు ధీమాగా. పక్కనే ఉన్న వాళ్లావిడ సంచిలోంచి సగం ఖాళీ అయిన షీటు తీసి, "ఇదో, రోజూ రాత్రి గుండెకి వేసుకుంటారు, మందు కాదు" అంది. క్లోపిడోగ్రెల్. రెండేళ్ల కిందట స్టెంట్ వేశారట. ఆపరేషన్ మర్నాడే. దాన్ని వాయిదా వేసి, గుండె డాక్టర్‌తో మాట్లాడి, తర్వాతి వారం చేశాం. కుటుంబమంతా నా మీద విసుక్కున్నారు, సెలవులు పెట్టుకుని వచ్చాం అని.

మామూలుగా క్లోపిడోగ్రెల్ స్పైనల్‌కి 5 నుంచి 7 రోజుల ముందు ఆపుతారు. వార్ఫరిన్ 5 రోజుల ముందు ఆపి, రక్తం గడ్డకట్టే తీరు చూసే ఐఎన్ఆర్ పరీక్షలో మామూలు స్థాయికి వచ్చిందని చూసుకోవాలి. పొట్ట మీద వేసే ఎనోక్సాపరిన్ ఇంజెక్షన్ తక్కువ డోసు అయితే 12 గంటలు, ఎక్కువ డోసు అయితే 24 గంటలు ఆగాలి. ఒక్క ఆస్పిరిన్ మాత్రమే వాడుతుంటే సాధారణంగా అడ్డు కాదు. ఈ లెక్కలు మీకెందుకు చెబుతున్నానంటే, సమాచారం ముందే ఇస్తే టైము ఎంత మిగులుతుందో తెలియాలని. స్టెంట్ ఉన్నవాళ్లు సొంతంగా మాత్ర ఆపితే స్టెంట్ మూసుకుపోవచ్చు, అది స్పైనల్ కంటే ఎన్నో రెట్లు చేటు. షీట్లన్నీ ఒక కవర్లో వేసి పట్టుకురండి, చాలు.

పూర్తి మత్తు కంటే ఇదే సేఫా?

అందరూ అవునని చెబుతారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఇప్పుడు "ఏ ఆపరేషన్‌కి, ఎవరికి" అని అడుగుతాను.

సిజేరియన్‌కి సందేహమే లేదు, స్పైనలే మేలు. నిండు గర్భిణికి గొంతులో గొట్టం వేయడం కష్టం, కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఎక్కువ, పైగా బిడ్డకి మందు దాదాపు చేరదు, బిడ్డ ఏడుపు వినగానే తల్లి చూసుకుంటుంది. ఆయాసం, పాత టీబీ, పొగాకుతో పాడైన ఊపిరితిత్తులు ఉన్నవాళ్లకి చేయో కాలో ఆపరేషన్ అయితే బ్లాక్ వరంలాంటిది.

డయాలసిస్ కోసం చేతిలో రెండు రక్తనాళాల్ని కలిపే ఫిస్టులా ఆపరేషన్ ఇంకో మంచి ఉదాహరణ. గ్లాస్గోలో 126 మందిపై చేసి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కోసే చోటే మొద్దుబార్చే ఇంజెక్షన్‌తో చేసిన ఫిస్టులాలు మూడు నెలలకి 62 శాతం పనిచేస్తుంటే, చేయి మొత్తానికి బ్లాక్ ఇచ్చి చేసినవి 84 శాతం పనిచేశాయి. బ్లాక్‌తో రక్తనాళాలు విచ్చుకోవడమే కారణం. శ్రీకాకుళం ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ రోగులకి ఈ లెక్క ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఫిస్టులా పాడైతే మళ్లీ కోత, మళ్లీ ఖర్చు, మళ్లీ వైజాగ్ ప్రయాణం.

అదే తుంటి ఎముక విరిగిన ముసలివాళ్ల విషయంలో మా నమ్మకానికి గండి పడింది. 2021లో అమెరికా, కెనడాల్లో 1,600 మందిపై స్పైనల్, పూర్తి మత్తు పోల్చారు. 60 రోజులకి చనిపోయినవాళ్లు, ఇతరుల సాయం లేకుండా నడవలేనివాళ్లు కలిపి స్పైనల్‌లో 18.5 శాతం, పూర్తి మత్తులో 18 శాతం. తేడా లేదు. మతి తప్పినట్టు మాట్లాడటం కూడా రెంటిలో ఒకేలా ఉంది. అందుకని మీ నాన్నగారికి స్పైనల్ కుదరదు అని డాక్టర్ అంటే కంగారు పడకండి. నా ఉద్దేశంలో ఆ వయసులో మత్తు రకం కంటే ఆపరేషన్ ఎంత త్వరగా అయింది, నొప్పి ఎంత తగ్గించారు, మర్నాడు మంచం మీంచి లేపారా లేదా అన్నవే ఎక్కువ పనిచేస్తాయి.

బ్లాక్‌తో చేస్తే క్యాన్సర్ తిరిగి రాదు అని ఒక ప్రచారం ఉంది. రొమ్ము క్యాన్సర్ మీద రెండు వేల మందికి పైగా స్త్రీలతో చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రెండు పద్ధతుల్లోనూ పదిమందిలో ఒకరికి తిరిగి వచ్చింది. నొప్పి తగ్గడానికి బ్లాక్ అడగండి, క్యాన్సర్ కోసం కాదు.

మధ్యలో మత్తు దిగిపోతే? కోసేటప్పుడు నొప్పి తెలిస్తే?

కోసే ముందే పరీక్షిస్తాం. స్పిరిట్ దూది చేతికి పెట్టి "చల్లగా ఉందా?" అంటాం, తర్వాత పొట్టకి పెట్టి "ఇప్పుడు?" అంటాం. చల్లదనం తెలియకపోతే మత్తెక్కినట్టు. ఒకటి గుర్తుంచుకోండి: తాకడం, లాగడం, నొక్కడం తెలుస్తాయి. బిడ్డని బయటికి తీసేటప్పుడు ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటుంది. అది మామూలే. కానీ పదునైన నొప్పి మామూలు కాదు. పళ్లు బిగబట్టి ఓర్చుకోవడం మన ఆడవాళ్లకి అలవాటు. ఆ అలవాటు ఇక్కడ వద్దు, గట్టిగా చెప్పండి. ఆపించి మందిస్తాం, అవసరమైతే పూర్తి మత్తుకి మారతాం.

కొద్దిమందిలో మొదటి ఇంజెక్షన్ పనిచేయదు, చాలదు. అందుకే స్పైనల్ అయినా సరే కడుపు ఖాళీగా రమ్మంటాం: అన్నం, టిఫిన్, పాలు 6 గంటల ముందు వరకు, మంచినీళ్లు 2 గంటల ముందు వరకు. "నడుముకే కదా అని ఇడ్లీ తినొచ్చాను" అంటే కేసు వెనక్కి పోతుంది.

తేలు కుట్టినవాళ్లకి మత్తు ఎక్కదంటారు?

నవ్వి కొట్టిపారేసే మాట కాదిది. తేలు కుట్టిన చరిత్ర ఉన్నవాళ్లలో స్పైనల్, బ్లాక్ సరిగా పనిచేయలేదని మన దేశంలోని మత్తు డాక్టర్లే కేసులు ప్రచురించారు. గట్టి రుజువు అనలేం. పొలం పనులు చేసినవాళ్లని నేనైతే అడుగుతాను. కుట్టి ఉంటే చెప్పండి, ఇంకో ప్లాన్ సిద్ధంగా పెట్టుకుంటాం.

మెలకువగా ఉంటే నాకు టెన్షన్. ఏమీ వినపడకుండా చేయలేరా?

చేస్తాం. ఛాతీ దగ్గర అడ్డంగా గుడ్డ కడతారు, ఏమీ కనబడదు. కాస్త నిద్రమందు ఇస్తే చాలామంది గురకపెడతారు. సిజేరియన్‌లో మాత్రం బిడ్డ బయటికొచ్చేదాకా నిద్రమందు ఇవ్వం. పాటలు పెట్టమని అడగొచ్చు. 2020లో గుంటూరులో ఒకాయన మెదడు ఆపరేషన్ జరుగుతుండగానే టీవీ షో, సినిమా చూశాడని పేపర్లలో వచ్చింది కదా, అక్కడా సూత్రం ఇదే. మెదడుకి నొప్పి తెలియదు, తల చర్మాన్ని మొద్దుబారిస్తే చాలు. మనిషి మాట్లాడుతుంటే మాటల కేంద్రానికి కత్తి తగలకుండా చూసుకోవచ్చు.

సూది వేసిన కాసేపటికి కళ్లు తిరుగుతాయా?

తిరగొచ్చు. కాళ్ల రక్తనాళాలు వదులై బీపీ పడుతుంది. మొదటి గుర్తు వికారం. "వాంతొచ్చేలా ఉంది" అని మీరు అనే లోపే మేము బీపీ మిషన్ చూస్తాం. సెలైన్ వేగం పెంచి, బీపీ పెంచే ఇంజెక్షన్ ఇస్తే నిమిషంలో తేరుకుంటారు. గర్భిణులకి కుడి తుంటి కింద చిన్న దిండు పెట్టి ఎడమకి వంచుతాం, పొట్ట బరువు పెద్ద రక్తనాళం మీద పడకుండా. వణుకు కూడా చాలామందికి వస్తుంది, చలిజ్వరం కాదు.

చేతికి బ్లాక్ ఇస్తే ఏం తెలుస్తుంది?

ఇప్పుడు ఎక్కువగా అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో చూస్తూ ఇస్తున్నాం. తెర మీద నరాలు ద్రాక్షగుత్తిలా కనబడతాయి, సూది ఎక్కడుందో కనబడుతుంది, మందు నరం చుట్టూ పరుచుకోవడం కనబడుతుంది. నరం దీర్ఘకాలం దెబ్బతినడం పదివేలకి ఇద్దరు నుంచి నలుగురిలో. కొన్ని రోజుల తిమ్మిరి అంతకంటే ఎక్కువమందిలో ఉంటుంది, తగ్గిపోతుంది.

భుజం ఆపరేషన్‌కి మెడ దగ్గర ఇచ్చే బ్లాక్‌తో ఆ వైపు కనురెప్ప వాలొచ్చు, గొంతు బొంగురుపోవచ్చు, ఆ వైపు ఊపిరి కండరం కూడా కొన్ని గంటలు మొద్దుబారుతుంది. ఆయాసం రోగులకి అందుకే ఆ బ్లాక్ ఇవ్వడానికి వెనకాడతాం.

ఇంటికెళ్లాక రెండు జాగ్రత్తలు. చేయి 12 గంటలో, ఇంకాస్తో మొద్దుగా ఉంటుంది. మెడకి వేలాడదీసే పట్టీలో (స్లింగ్) వేసుకునే ఉంచండి, స్టవ్ దగ్గరికి పోవద్దు. ఒక కుర్రాడు అర్ధరాత్రి నిద్రలో ఎవరో తన ముఖం మీద కొట్టారని లేచి లైటేశాడట. కొట్టింది తన చెయ్యే. రెండోది, మత్తు దిగేటప్పుడు నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. వేళ్లు చిమచిమలాడటం మొదలవగానే, నొప్పి రాకముందే, రాసిచ్చిన మాత్ర వేసుకోండి.

హాస్పిటల్లో నేను చూసుకోవాల్సింది ఏమైనా ఉందా?

ఉంది. సూది గురించి వందసార్లు అడుగుతారు, ఇది ఒక్కరూ అడగరు.

మొదట, మత్తు ఇచ్చే మనిషి ఎవరు? మత్తులో ఎండీ, డీఎన్‌బీ లేదా డిప్లొమా చేసిన డాక్టర్ ఆపరేషన్ అయ్యేదాకా మీ తల దగ్గరే ఉంటారా? కొన్ని చిన్న నర్సింగ్‌హోముల్లో సర్జనే స్పైనల్ ఇచ్చి, చేతులు కడుక్కుని తనే ఆపరేషన్ మొదలుపెడతారు. బీపీ పడిపోయిన నిమిషంలో ఆయన చేతులు పొట్టలో ఉంటాయి. నేనైతే మా ఇంటివాళ్లని అలాంటి చోట చేర్చను.

రెండోది మీకు కనబడదు, కానీ అడగొచ్చు. స్పైనల్ మందు, రక్తస్రావం ఆపే ట్రానెగ్జామిక్ యాసిడ్, రెండూ గాజు ఆంప్యూల్స్‌లో వస్తాయి. ఒకే ట్రేలో, హడావిడిలో, ఒకటి అనుకుని ఇంకోటి వెన్నులో ఎక్కించిన ఘటనలు చాలా దేశాల్లో జరిగాయి. మన దేశంలోనూ. ట్రానెగ్జామిక్ యాసిడ్ వెన్నులోకి పోతే మూర్ఛలు వస్తాయి, దాదాపు సగం మంది చనిపోతారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని మీద హెచ్చరిక జారీ చేసింది. మా థియేటర్లో ఆ ఆంప్యూల్స్ స్పైనల్ ట్రే ఉన్న గదిలోనే ఉంచం. మందు లాగేటప్పుడు పేరు పైకి చదువుతాం, నర్సు తిరిగి చదువుతుంది. నాటకంలా ఉంటుంది, ఉండనివ్వండి.

మూడోది బ్లాక్‌లకి. మొద్దుబార్చే మందు పొరపాటున రక్తంలోకి ఎక్కువగా చేరితే నోటి చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు, నోట్లో ఇనుము రుచి, ఆపైన మూర్ఛ, గుండె ఆగడం. ఇది చాలా అరుదు. దీనికి విరుగుడు తెల్లగా పాలలా ఉండే 20 శాతం కొవ్వు సెలైన్, ఇంట్రాలిపిడ్ అంటారు. 2006లో న్యూయార్క్‌లో బ్లాక్ తర్వాత గుండె ఆగిన ఒక రోగిని మొదటిసారి దీంతో బతికించారు. "ఇంట్రాలిపిడ్ ఉందా అండీ?" అని మీరడిగితే ఆ డాక్టర్ మిమ్మల్ని వింతగా చూస్తారు, కానీ వెంటనే బీరువా తెరిచి చూసుకుంటారు.

నొప్పులు తెలియని కాన్పుకి ఎపిడ్యూరల్ తీసుకుంటే సిజేరియన్ అవుతుందా?

అవదు. సిజేరియన్ల సంఖ్య పెరగదని పరిశోధనలన్నీ ఒకే మాట చెబుతున్నాయి. బిడ్డని బయటికి తోసే రెండో దశ కాస్త సాగొచ్చు, జ్వరం రావొచ్చు. ఇప్పటి తక్కువ డోసు మందుతో కాళ్లు కదులుతూనే ఉంటాయి. అసలు అడ్డంకి వేరే: రాత్రీ పగలూ మత్తు డాక్టర్ ఉండాలి. మన జిల్లా కేంద్రాల్లో చాలాచోట్ల ఆ సదుపాయం లేదు, ఏడో నెలలోనే కనుక్కోండి.

షుగరుంది. టాటూ ఉంది. ముందు వెన్నుకి ఆపరేషన్ అయింది. ఇవ్వొచ్చా?

షుగరుంటే ఇవ్వొచ్చు, కాకపోతే కాళ్లలో ముందే తిమ్మిర్లు ఉంటే చెప్పండి, తర్వాత వాటిని మత్తు వల్ల అనుకోకుండా రాసుకుంటాం. టాటూ ఉంటే దాని పక్కనుంచి గుచ్చుతాం. వెన్నులో రాడ్లు ఉంటే ఎక్స్‌రే తీసుకురండి, కుదరొచ్చు కుదరకపోవచ్చు. గుచ్చే చోట కురుపు గానీ చీము గానీ ఉంటే ఇవ్వం.

ఇంటికెళ్లాక ఏం జరిగితే ఫోన్ చేయాలి?

తిరిగి మామూలైన కాళ్లు మళ్లీ బలహీనపడితే. మత్తు దిగాల్సిన టైము దాటినా ఒక కాలు అసలు కదలకపోతే. మూత్రం నిండినట్టున్నా రాకపోతే, లేదా తెలియకుండా పోతుంటే. మలద్వారం చుట్టూ మొద్దుగా ఉంటే. జ్వరంతో పాటు వెన్నులో కొత్తగా తీవ్రమైన నొప్పి వస్తే. తలనొప్పి పడుకున్నా తగ్గకుండా, మెడ పట్టేసి, చూపు మసకబారితే.

వీటిలో ఏది వచ్చినా "రేపు పొద్దున చూద్దాం" అనుకోవద్దు. వెన్నులో రక్తం గడ్డ నరాల్ని నొక్కుతుంటే ఎంఆర్ఐ తీసి 8 గంటల లోపు తొలగిస్తేనే కాళ్లు తిరిగొచ్చే అవకాశం బాగా ఉంటుంది. అందుకే డిశ్చార్జి కాగితం వెనక మత్తు డాక్టర్ నంబరు రాయించుకోండి. రాత్రి రెండింటికి చేసినా ఎత్తుతాం. ఎక్కువసార్లు ఆ టైముకి మమ్మల్ని లేపే ప్రశ్న "దిండు పెట్టుకోవచ్చా సార్?" అనేదే.